కోదాడలో ఏథెన్స్ పాఠం: శ్రీ ఆంగోతు దేవ్‌సింగ్ గారి అధ్యాపక ప్రస్థానం

1992 ఆగస్టు మూడవ తేదీ, సోమవారం. మూసీ–పాలేరు విద్యాసమితి వారి మిర్యాలగూడ కళాశాలలో శ్రీ ఆంగోతు దేవ్‌సింగ్ గారు చరిత్ర అధ్యాపకులుగా ప్రవేశించిన శుభదినమది. నిడమనూరు వైపు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి, బస్టాండు నుంచి నడిచి వచ్చి, చొక్కా మీది చెమట ఆరకముందే హాజరుపట్టీలో సంతకం చేసిన ఆ యువ అధ్యాపకులకు, ఆనాటి ప్రిన్సిపాల్ గారు గ్లాసెడు మంచినీళ్లతో పాటు ‘పాశ్చాత్య సాంస్కృతిక వారసత్వం’ అనే ఐచ్ఛిక పేపరును కూడా అందజేశారు. అందరూ వద్దనుకున్న పేపరును కొత్తగా వచ్చినవారి మెడకు తగిలించడం అప్పటి మన కళాశాలల్లో ఆనవాయితీ. మరో కొత్తవారు రాగానే దాన్ని వారి మెడకు మార్చి ఊపిరి పీల్చుకోవడమూ ఆనవాయితీయే. దేవ్‌సింగ్ గారు మొదటి దాన్ని మారుమాట లేకుండా స్వీకరించారు. రెండవ దాన్ని ముప్పైమూడేళ్లు గడిచినా పాటించలేదు.

నిడమనూరు మండలంలోని ఒక తండాలో శ్రీమతి మోతీబాయి గారి కడుపున పుట్టి, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు నేర్చిన వారికి ఒక భాషలోంచి మరో భాషలోకి దాటడం చిన్ననాటి నుంచే అలవాటు. తండాలో పెద్దలు గుండ్రంగా కూర్చుని తగవులు తీరుస్తుంటే మేకల వెంట తిరుగుతూ దూరం నుంచి విన్న బాలుడు, హైదరాబాదులో ఎం.ఏ. చదివే రోజుల్లో, రెండున్నర వేల ఏళ్ల క్రితం ఏథెన్స్ పౌరులు ఒక గుట్ట మీద కూర్చుని యుద్ధమా సంధియా అని వాదించుకునేవారని చదివి, వీళ్లు మా తండా వాళ్ల లెక్కనే ఉన్నారే అని సంబరపడ్డారట. మరి నాలుగు పుటలు తిరగేశాక, కాదు, చాలా వేరని తెలిసి ఇంకా ఎక్కువ సంబరపడ్డారట. ఆ రెండవ సంబరాన్ని పిల్లలకు పంచాలన్నదే వారి ఉద్యోగ జీవితం మొత్తానికీ ఏకైక సంకల్పం. ఆ సంకల్పం మన దగ్గర ఎన్ని అవస్థలు పడిందో చెప్పకపోతే ఈ వ్యాసం అసత్యమవుతుంది.

మిర్యాలగూడలో మొదటి ఏడే పరీక్ష మొదలైంది. రైసుమిల్లుల ఊక దుమ్ము కిటికీల్లోంచి వచ్చి బల్లల మీద పేరుకునే ఆ తరగతిలో, రోమన్ న్యాయవ్యవస్థను గురించి వారు అరగంట సేపు తన్మయులై చెప్పి ఆగితే, వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచాడు.

“సార్, గీ రోమోళ్లు మనకు ఏమైతరు?”

“ఏమీ కారు.”

“మరి మనమెందుకు సదవాలె సార్?”

“ఏమీ కారు కాబట్టే. కూసో.”

అతడు కూర్చున్నాడు గాని ప్రశ్న కూర్చోలేదు. తరగతి తర్వాత తరగతిగా, తండ్రుల నోట, తోటి అధ్యాపకుల నోట, తనిఖీకి వచ్చిన అధికారుల నోట అదే ప్రశ్న వారి ఎదుట నిలబడుతూనే వచ్చింది. అడిగిన ప్రతిసారీ దేవ్‌సింగ్ గారు డస్టరు తీసుకుని నల్లబల్ల తుడిచేవారు. బల్ల మీద ఏమీ రాసి లేకపోయినా తుడిచేవారు. ఎంత గట్టిగా తుడుస్తున్నారన్న దాన్ని బట్టి ఆ రోజు వారి విసుగు ఏ పాటిదో స్టాఫ్ రూములో ఉన్న మాకందరికీ చప్పుడుతోనే అర్థమయ్యేది. అయినా మరునాడు అదే గదికి, అదే పాఠానికి, అంతే శ్రద్ధతో వెళ్లేవారు. విసుగు పనికి అడ్డం రావలసిన అవసరం లేదని మేము నేర్చుకున్నది వారి దగ్గరే.

2004లో వారికి సూర్యాపేటకు బదిలీ అయింది. గ్రీకు స్తంభాల పాఠానికి పుస్తకంలోని నల్లటి మసకబొమ్మ చాలదని భావించిన దేవ్‌సింగ్ గారు, జాతీయ రహదారి పక్కన కొత్తగా వెలసిన ఒక ఫంక్షన్ హాలు ముందు నాలుగు నిలువెత్తు సిమెంటు స్తంభాలుండడం గమనించి, ఒక ఉదయం విద్యార్థులందరినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు. ఇంతమందిని చూసిన మేనేజరు కూల్‌డ్రింకులకు పురమాయించి ఎదురొచ్చాడు.

“రండ్రి సార్, రండ్రి. ముహూర్తం ఎప్పుడు? ఏసీయా, నాన్ ఏసీయా?”

“ముహూర్తం లేదు. మాకు స్తంభాలు కావాలె.”

“స్తంభాలు కిరాయికి ఇయ్యం సార్. హాలే ఇస్తం. స్తంభాలకు పూలు సుట్టేది డెకరేషనోళ్లు, వాళ్ల లెక్క వేరే.”

స్తంభం తల మీద ఆకులు చెక్కితే ఒక పద్ధతి అని, పొట్టేలు కొమ్ముల్లాగా చుట్టలు తిరిగితే మరొక పద్ధతి అని, ఇక్కడ మేస్త్రీ రెంటినీ ఒకే స్తంభం మీద పెట్టి పైన బంగారు రంగు పూశాడని వారు పిల్లలకు వివరిస్తుంటే మేనేజరు చివరిదాకా విన్నాడు. విని, “అంటే తప్పు కట్టినమా సార్? కూలగొట్టాల్నా?” అని అడిగాడు. తుడవడానికి అక్కడ నల్లబల్ల లేదు. కాని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, పెళ్లి భోజనాలకు వెళ్లిన మన విద్యార్థులు లోపలికి వెళ్లేముందు తలెత్తి స్తంభాలను చూసి వాదులాడుకోవడం సూర్యాపేటలో చాలామంది చూశారు.

వారి సతీమణి శ్రీమతి రుక్మాబాయి గారి సహనాన్ని ఇక్కడ స్మరించుకోవడం మా విధి. “సారుకు గ్రీసుల జరిగిందంత యాదికుంటది. గ్యాస్ సిలిండర్ బుక్ చేయమని పొద్దున జెప్తే పొద్దుమీకి యాదికుండదు” అని ఆమె మా ఇళ్లలోని శుభకార్యాలకు వచ్చినప్పుడు చెబుతుంటే, దేవ్‌సింగ్ గారు ఖండించకుండా కండువా సర్దుకునేవారు.

2013లో వారు కోదాడ కళాశాలకు వచ్చేనాటికి కాలం మారింది. బి.ఏ. గదులు ఖాళీ అయి కంప్యూటర్ గదులు నిండాయి. పాశ్చాత్య వారసత్వం పేపరును కామర్స్, కంప్యూటర్ విద్యార్థులు కూడా ఎంచుకోవచ్చన్న వెసులుబాటు ఒక్కటే దాన్ని బతికించింది. ప్రతి జూన్‌లో ప్రవేశాల వేళ దేవ్‌సింగ్ గారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి విద్యార్థికీ ఈ పేపరు ఏమిటో చెప్పేవారు. “మార్కులు మంచిగ పడుతయా సార్?” అన్నదే అందరి మొదటి ప్రశ్న. “చదివితే పడుతయి” అన్నదే వారి సమాధానం. ఆ సమాధానం వల్ల ఎంతమంది పక్కనే వేరే పేపరు వారు వేసుకున్న కుర్చీకి వెళ్లిపోయారో మాకు తెలుసు. రెండు మెత్తటి మాటలు చెప్పమని మేము బతిమాలినా వారు చెప్పలేదు.

ఇక గత సంవత్సరపు ఘటన. కోదాడలో అందరికీ తెలిసినదే అయినా, ఎవరికి తోచినట్లు వారు చెప్పుకుంటున్నందున జరిగినది జరిగినట్లు ఇక్కడ నమోదు చేయడం న్యాయం.

ఏథెన్స్ ప్రజాసభ పాఠంలో ఒక విచిత్రమైన ఆచారం వస్తుంది. ఎవరి పలుకుబడి మితిమీరిందని పౌరులు అనుకుంటారో, అతని పేరును పగిలిన కుండముక్క మీద గీసి వేసేవారు. తగినన్ని ముక్కలు పోగైతే అతడు పదేళ్లు ఊరు విడిచి పోవాలి. పాఠం చెప్పిన రోజే రెండవ సంవత్సరం బి.కాం. విద్యార్థిని నాగరాణి లేచి, “సార్, ఆడోళ్లు గూడ ఏసేటోళ్లా పెంకులు?” అని అడిగింది.

“లేదు. ఆడవాళ్లకు లేదు. బానిసలకు లేదు. బయటి ఊర్ల నుంచి వచ్చి బతికేటోళ్లకు లేదు.”

“గంత గొప్పగ చెప్పి, గిప్పుడు చెప్తున్నరా సార్ గీ ముచ్చట?”

“గొప్పలు చెప్పుడు గాదమ్మా పాఠమంటే. వాళ్లు చేసింది చూడాలె, చేయంది గూడ చూడాలె. మీ ఇంట్ల ఎవరిని అడుగుతరో, ఎవరిని అడగరో అది గూడ చూడు.”

ఆ సాయంత్రం వారు, రేపు ప్రతి ఒక్కరూ ఒక కుండపెంకు తేవాలని, తరగతిలోనే ఏథెన్స్ పద్ధతిలో ఓటు వేద్దామని ఆదేశించారు. పెంకు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. చెప్పవలసిన అవసరముందని వారికి తోచలేదు. వారి చిన్ననాటి తండాలో ఏ ఇంటి వెనుక చూసినా పెంకులే. కాని ఇప్పటి కోదాడలో, గరిడేపల్లిలో, మఠంపల్లిలో వంట స్టీలులోకి, నీళ్లు ఫ్రిజ్జులోకి చేరాయి. పిల్లలు ఇల్లిల్లూ వెతికినా ఒక్క పగిలిన కుండ దొరకలేదు. చివరికి సాయితేజ అనే విద్యార్థి, కుండలు తప్పకుండా పగిలే చోటు ఒకటి ఇంకా మిగిలి ఉందని గుర్తు చేసుకుని, బండి మీద వెళ్లి, యూరియా సంచి నిండా పెంకులు తెచ్చి అందరికీ పంచాడు.

ఓటింగ్ ఘనంగా జరిగింది. కళాశాలలో ఎవరి అధికారం మితిమీరిందో భయపడకుండా రాయమని దేవ్‌సింగ్ గారు చెప్పారు. పెంకులను బల్ల మీద పోసి ఒక్కొక్కటే చదివారు. మొదటి దాని మీద వారి పేరే. రెండవ దాని మీదా వారి పేరే. ఐదారు చూశాక చదవడం మానేశారు.

“నన్నే ఎల్లగొడుతరా?”

“మీరే గద సార్, ఎవరి పవర్ ఎక్కువుంటే వాళ్ల పేరు రాయమన్నరు” అన్నాడు సాయితేజ. “మీ క్లాసుల ఫోన్ ముట్టనియ్యరు, మధ్యల బయటికి పోనియ్యరు. ప్రిన్సిపాల్ సార్ నయం.”

ఇన్నేళ్లలో ఒక పాఠం ఇంత సంపూర్ణంగా పిల్లలకు ఎక్కడం వారు ఎన్నడూ చూడలేదు. సంతోషించాలో కోపగించాలో తేల్చుకునేలోపు అటెండర్ సుగుణమ్మ గది ఊడ్వడానికి వచ్చి, బల్ల మీది కుప్పను చూసి, ఒక పెంకు ముందు ఆగింది. దానికి గుండ్రంగా పొడిచిన చిల్లు ఉంది.

“సారూ, ఇయ్యి యాడివి?”

“పిల్లలు తెచ్చిండ్రు.”

“యాడికెల్లి తెచ్చిండ్రని అడుగుతున్న.”

సాయితేజ నేల చూపులు చూశాడు. “వైకుంఠధామం కాడికెల్లి” అన్నాడు.

శ్మశానంలో చితి చుట్టూ తిరుగుతూ చిల్లులు పొడిచి, నీళ్లు కార్చి, చివరికి వెనక్కి చూడకుండా పగలగొట్టే కుండ అది. క్షణాల్లో గది ఖాళీ అయింది, మరికాసేపట్లో కళాశాల ఖాళీ అయింది. సుగుణమ్మ పసుపునీళ్ల బకెట్టు తెచ్చి మొదట గదినీ, తర్వాత దేవ్‌సింగ్ గారినీ తడిపింది. వారు కదలకుండా నిలబడి, “ఎవరిని అనాలె? కుండ గూడ దొరకని కాలం వచ్చిందని నాకెవరు చెప్పిండ్రు?” అన్న మాట ఆమెకు మాత్రమే వినిపించింది.

గండం అక్కడితో పోలేదు. ఆ పేపరును ఏనాటి నుంచో తీసివేయాలనుకుంటున్న యాజమాన్యానికి చేతికి కారణం దొరికింది. కరస్పాండెంట్ శ్రీ సంజీవ్ గారు స్వతహాగా సౌమ్యులు. అయినా వచ్చే ఏడు నుంచి పాశ్చాత్య వారసత్వం స్థానంలో కంప్యూటర్ మీద జమాఖర్చులు నేర్పే ట్యాలీ పెట్టాలన్న తీర్మానాన్ని సిద్ధం చేయించారు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. తాను వెళ్లాక ఈ పేపరు ఉంటుందా అన్నది తప్ప దేవ్‌సింగ్ గారికి వేరే చింత లేదని మాకు తెలుసు. ఇప్పుడది తన కళ్లెదుటే, తన చేతి మీదుగానే పోయేలా ఉంది. వారు ఆ వారం రోజులు నల్లబల్ల కూడా తుడవలేదు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు నాగరాణి నలుగురు విద్యార్థులతో కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్లి, ఏథెన్స్‌లో ఏ అధికారి మీద ఫిర్యాదు వచ్చినా ప్రజలందరి ముందే విచారించేవారని, ఇదీ అలాగే తల్లిదండ్రుల సమక్షంలో తేల్చాలని కోరింది. తల్లిదండ్రులు వస్తే పని ఇంకా త్వరగా ముగుస్తుందని తలచిన సంజీవ్ గారు సరేనన్నారు.

కళాశాల షెడ్డులో సభ జరిగింది. మొదట దేవ్‌సింగ్ గారు లేచారు. “పెంకులు తెమ్మన్నది నేను. యాడికెల్లి తేవాలెనో చెప్పంది నేను. తప్పు నాది, పిల్లలది గాదు. ఇగ పేపర్ సంగతి. ఇది దేనికి పనికొస్తదని ముప్పై ఏండ్ల సంది అడుగుతున్నరు, నాకు యాష్టకొచ్చింది. డిగ్రీ అంటే ఒక పని నేర్చుడే గాదు. మనది గాని బతుకును నిమ్మలంగ చూసినోడు, మన బతుకు దిక్కు గూడ ఒకసారి తిరిగి చూస్తడు. మనకాడ గిట్లనే ఉంటది, ఇంకో తీరుండదనుకున్నది, యాడనో ఇంకో తీరున్నదని తెలుస్తది. గంతే. నాకు గింతకంటె చెప్పరాదు” అని కూర్చున్నారు.

తర్వాత నాగరాణి తండ్రి దుర్గయ్య గారు లేచారు. గరిడేపల్లి వైపు గొర్రెల మంద గల పెద్దమనిషి.

“సారూ, పెంకుల సంగతి ఇడిసిపెట్టున్రి, ఇల్లు కడుక్కున్నం, అయిపోయింది. మీ సదువుతోనే నా ఇల్లు పరేషానైంది. బువ్వకు కూసుంటె సాలు, ‘అమ్మను అడిగినవా?’ అంటది నా బిడ్డ. బోరు ఎయ్యాలంటె అమ్మను అడిగినవా. మందను గుట్ట దిక్కు తోలాలంటె అమ్మను అడిగినవా. సుట్టాలింటికి పోదమంటె అమ్మను అడిగినవా. నిరుడు దాక గీ ముచ్చటే లేదు మా ఇంట్ల.”

సభలో నవ్వులు లేచాయి.

“నవ్వుతరేంది? రేపు మీ ఇండ్లల్లకు గూడ వస్తది.”

“అయితే ఆపేయమంటారు, అంతే కదండీ?” అన్నారు సంజీవ్ గారు.

“మరేమిటికొచ్చిన గింత దూరం? ఆపున్రి.”

సంజీవ్ గారు కలం తీసి, రాసే ముందు, మర్యాద కోసం పక్కనే కూర్చున్న దుర్గయ్య గారి భార్య సరోజన గారి వైపు తిరిగారు. “మీరేమంటారమ్మా?”

“నన్నా?”

“మిమ్మల్నేనండి.”

ఆమె భర్త వైపు చూసింది. ఆయన షెడ్డు రేకుల వైపు చూస్తున్నారు. ఆమె కొంగు భుజం మీద సర్దుకుని, కూర్చున్న చోటి నుంచే, “ఆపకున్రి” అంది. కాస్త ఆగి, “పెంకులు మాత్రం ఇంటికి తేవొద్దని జెప్పున్రి” అంది.

దుర్గయ్య గారే ముందుగా తేరుకున్నారు. “ఇంటోళ్లు ఇద్దరు రెండు తీర్ల జెప్తె ఎట్ల రాసుకుంటరు సారూ?”

“రెండూ రాసుకుంటామండి” అన్నారు సంజీవ్ గారు.

ఆ పైన వారు మరో తల్లిని అడిగారు, ఆమె తర్వాత ఇంకొకరిని. అడగడం మొదలుపెట్టాక ఆపడం ఎవరి వల్లా కాలేదు. పేపరు వద్దన్న తల్లులూ ఉన్నారు, నిర్మొహమాటంగానే వద్దన్నారు. వద్దన్నవారి కంటే ఉండాలన్నవారు ఎక్కువైనందున, బోధించే అధ్యాపకులు దొరికినంత కాలం, ఎంచుకునే విద్యార్థులు ఉన్నంత కాలం పేపరు కొనసాగాలని ఆ సభే తీర్మానించింది. ట్యాలీకి వేరే వేళ కేటాయించారు. సభ ముగిశాక దేవ్‌సింగ్ గారు సరోజన గారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించి నిలబడ్డారు. ముప్పై ఏళ్లకు పైగా తాను చెబుతూ వచ్చిన దాన్ని మరొకరు నోరు తెరిచి పలకగా వినడం వారికి అదే మొదటిసారి అనుకుంటాము.

బోధించే బాధ్యతను చరిత్ర అధ్యాపకురాలు శ్రీమతి స్వరూప గారు స్వీకరించారు. అయిష్టంగానే స్వీకరించారని ఆమే చెబుతారు. ఈ జూలైలో ఆమె మొదటి పాఠం చెబుతుండగా దేవ్‌సింగ్ గారు కిటికీ పక్కన నిలబడడం మేమందరం చూశాము.

“సార్, మీరు గిట్ల చూస్తుంటె నాకు పాఠం రాదు” అన్నారామె బయటికి వచ్చి.

“నేను చూస్తలేనమ్మా. గాలికి నిలబడ్డ.”

“గాలి ఆ దిక్కున్నది సార్.”

వారు ఆ దిక్కుకు వెళ్లారు. రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఈ దిక్కుకు వచ్చి, “రోమ్ కంటె ముందు ఏథెన్స్ చెప్పాలె” అని చెప్పి, ఆమె సమాధానం వినకుండా వెళ్లిపోయారు. మరునాడు ఆమె ఏథెన్సే చెప్పారు. అది వారు చెప్పినందుకు కాదని, పాఠ్యప్రణాళికలోనే అలా ఉందని మాతో గట్టిగా అన్నారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీ దేవ్‌సింగ్ గారు, ఎవరి మెప్పు కోసమూ ఒక్క మాటను మెత్తన చేయక, ఎవరి విసుగు చూసీ ఒక్క పాఠాన్ని కుదించక, తమ విసుగును మాత్రం దాచుకోక, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ పట్టణాల్లో కొన్ని తరాల యువతకు తమది కాని లోకాన్ని చూపించి, తమ లోకాన్ని కొత్తగా చూసే కన్ను ఇచ్చారు. వారికి, వారి ధర్మపత్ని శ్రీమతి రుక్మాబాయి గారికి సంపూర్ణ ఆరోగ్యం, మనశ్శాంతి, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని విద్యాసమితి సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము. ఆ నూరేళ్లలో ప్రతి జూన్ మాసంలోనూ వారు కళాశాల మెట్లెక్కి వచ్చి, ‘పేపర్ ఉన్నదా, తీసేసిండ్రా?’ అని కోపంగా అడగాలని, ‘ఉంది సార్’ అని చెప్పే భాగ్యం మాకు ప్రతి ఏడూ దక్కాలని ఆకాంక్షిస్తున్నాము.